ఒంటరి పాటకు ఇద్దరు కర్తలు

పాట వినడం వేరు, పాటను చదవడం వేరు. సినిమా పాటైనా, లలిత గీతమైనా మనం వింటాం. బాగుంటే నాలుగు రోజులు కూనిరాగం తీస్తాం, ఆ తర్వాత మరో పాట వస్తుంది. దాన్ని ఎవరు కట్టారు, ఎన్నిసార్లు చెరిపి మళ్ళీ కట్టారు, దాని మీద ఎవరి పేరు పడింది అనే ప్రశ్నలు మనకు తోచవు. పద్యానికి కవి పేరు రాయకపోతే పరీక్షలో మార్కు పోతుంది గనుక అది బట్టీ పట్టి అయినా గుర్తుంచుకుంటాం. పాటకు ఆ భయం లేదు గదా!

ఈ వ్యాసంలో ఒక ఇంగ్లీషు పాటను పాఠంలా చదివి చూద్దామనుకుంటున్నాను. పాట పేరు 'కేర్‌లెస్ విస్పర్'. పాడినవాడు జార్జ్ మైకేల్. 1984లో వచ్చింది. పేరు చెబితే గుర్తుపట్టని వాళ్ళుండవచ్చు గాని, మొదట్లో వచ్చే ఆ శాక్సఫోన్ వినిపిస్తే "ఓహో, ఇదా!" అనని వాళ్ళు మన హాస్టల్లో నాకింతవరకు తగల్లేదు. ఒక జంటలో సగంగా ఉన్న గాయకుడు మొదటిసారి తన ఒక్కడి పేరుతో విడుదల చేసిన పాట ఇది. పాశ్చాత్యులు దీన్నే 'సోలో' అంటారు. సోలో అంటే ఒంటరి అని అర్థం. కాని ఈ పాట నిజంగా ఒంటరిదేనా? అదే ఈ వ్యాసంలో ప్రశ్న. ఈ ప్రశ్న నన్నే ఎందుకు పట్టుకుందో చివర చెబుతాను.

ఇద్దరు స్నేహితులు

జార్జ్ మైకేల్ అసలు పేరు జార్జియోస్ కిరియాకోస్ పనయోటూ. 1963 జూన్ 25న లండన్‌లో పుట్టాడు. తండ్రి సైప్రస్ దీవి నుంచి బతుకుదెరువు కోసం ఇంగ్లండు వచ్చి, హోటలు నడిపి పైకొచ్చిన గ్రీకు మనిషి. 1975లో కుటుంబం లండన్ శివార్లు దాటి ఉన్న బుషీ అనే ఊరికి సమీపానికి మారినప్పుడు, పన్నెండేళ్ళ జార్జ్ అక్కడి బడిలో కొత్తగా చేరాడు. లావుగా, కళ్ళద్దాలతో, బెరుకుగా ఉండే పిల్లవాడు. ఈ కొత్త కుర్రవాణ్ణి ఎవరు చూసుకుంటారని టీచరు అడిగితే చెయ్యి ఎత్తినవాడు ఆండ్రూ రిజ్‌లీ. అలా మొదలైంది స్నేహం.

ఆండ్రూ చలాకీ మనిషి. బట్టలెలా వేసుకోవాలో, నలుగురిలో ఎలా నిలబడాలో తెలిసినవాడు. జార్జ్‌కు స్వరం ఉంది, ధైర్యం లేదు. ఆండ్రూకు స్వరం అంతంత మాత్రం, ధైర్యానికి కొదవ లేదు. మనమొక బృందం పెట్టాల్సిందేనని పట్టుబట్టినవాడు ఆండ్రూయేనని ఇద్దరూ చెప్పారు. మొదట పెట్టిన బృందం నిలవలేదు. తర్వాత ఇద్దరే మిగిలి 'వామ్' అనే పేరు పెట్టుకున్నారు.

పాట పుట్టుక

జార్జ్ తన ఆత్మకథలో చెప్పిన ప్రకారం ఈ పాట బస్సులో పుట్టింది. అప్పటికి అతడికి 17 ఏళ్ళు. ఒక హోటల్లో డాన్సు చేసేవాళ్ళకు రికార్డులు వేసే చిన్న ఉద్యోగం చేస్తున్నాడు. ఆ పనికి వెళుతూ, బస్సెక్కి కండక్టరుకు డబ్బులిస్తున్న క్షణంలో ఆ శాక్సఫోన్ వరుస మనసులో మెదిలిందట. చేతిలో వాయిద్యం లేదు, రాసుకోవడానికి స్వరలిపి రాదు. మనసులోనే పట్టుకుని ఉంచుకున్నాడు. రోజూ అదే ప్రయాణం గనుక మిగతా పాటలో చాలా భాగం కూడా అలా దారిలోనే అల్లుకున్నాడు.

తర్వాత అది ఆండ్రూ గిటారు దగ్గరకు వచ్చింది. పాటకు ఆధారమైన స్వరాల వరుస ఆండ్రూ వేళ్ళ కింద రూపుదిద్దుకుంది, దాని మీద జార్జ్ బాణీ నిలబడింది. 1982 తొలి రోజుల్లో నాలుగు ట్రాకుల చిన్న టేపు యంత్రం తెచ్చుకుని, ఆండ్రూ వాళ్ళింటి ముందుగదిలో తమ పాటలు కొన్నింటి నమూనా రికార్డు చేశారు. వాటిలో ఈ పాట కూడా ఒకటి. అంటే లోకమంతా 1984లో విన్న పాట, అప్పటికే మూడేళ్ళుగా ఇద్దరు కుర్రాళ్ళ దగ్గర నానుతూ ఉన్నదన్నమాట.

పాట విషయం చిన్నదే. నమ్మిన మనిషిని మోసం చేసినవాడు, ఆ తప్పు తెలిసిపోయాక, ఇక మునుపటిలా కలిసి నాట్యం చేయలేనని బాధపడతాడు. పదహారు పదిహేడేళ్ళ వయసులో రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన తన అనుభవమే దీనికి మూలమని జార్జ్ ఒప్పుకున్నాడు. పెద్దవాడయ్యాక ఈ పాట సాహిత్యం తనకే అంతగా నచ్చలేదన్నాడు. ఏదో అలవోకగా రాసేసిన మాటలు అంతమందికి అంత లోతుగా తగలడం తనకు ఆశ్చర్యాన్నీ, కొంత నిరాశనూ కలిగించిందన్నాడు. కాని ఇక్కడ అతడితో నేను విభేదిస్తాను. తప్పు చేసినవాడి గొంతుతో రాసిన పాటలు తక్కువ. విరహగీతాల్లో ఎప్పుడూ అవతలివాళ్ళదే తప్పు! ఇక్కడ పాడేవాడే దోషి. అందుకే అది తగిలింది.

పాట కట్టడం

ఇప్పుడు పాటను విప్పి చూద్దాం. మూడు నాలుగు స్వరాలను ఒకేసారి కలిపి పలికిస్తే పాశ్చాత్య సంగీతంలో దాన్ని 'కార్డ్' అంటారు. మనం స్వరగుచ్ఛం అనుకుందాం. ఈ పాటలో అవి ముఖ్యంగా నాలుగే: డి మైనర్, జి మైనర్, బి ఫ్లాట్, ఎ మైనర్. మన లెక్కలో 'డి'ని షడ్జమంగా పెట్టుకుంటే ఆ నాలుగూ వరుసగా షడ్జమం, మధ్యమం, ధైవతం, పంచమాల మీద నిలబడతాయి. ఈ గుచ్ఛాల్లోని స్వరాలన్నీ ఏరి వరుసలో పెడితే మన 20వ మేళకర్త నటభైరవి స్వరాలు వస్తాయి. నటభైరవి రాగమని అనడం లేదు సుమా! రాగానికి గమకం, సంచారం ఉండాలి. స్వరాలు మాత్రం అవే. ఇంగ్లీషు మాట అర్థం కాని మనవాళ్ళకు కూడా ఆ దిగులు చటుక్కున అందడానికి ఇదొక కారణమని నా ఊహ.

విశేషమేమంటే చరణానికీ పల్లవికీ అవే నాలుగు గుచ్ఛాలు, అదే క్రమంలో తిరుగుతాయి. బండిచక్రంలా. అయినా పల్లవి రాగానే ఏదో తెరుచుకున్నట్టుంటుంది. ఎలా? ఆధారం మారలేదు, దాని మీద బాణీ నడక మారింది, గొంతు పైకి లేచింది, వెనక వాయిద్యాలు చిక్కబడ్డాయి. కొత్తగా పాటలు కట్టేవాళ్ళు గమనించవలసిన పాఠమిది. సామాను ఎక్కువుంటేనే ఇల్లు గొప్పగా ఉంటుందనుకోవడం పొరపాటు.

ఇక శాక్సఫోన్. కద్రి గోపాలనాథ్‌గారు కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన వాయిద్యం గనుక మనకు కొత్తది కాదు. ఈ పాటలో దాని వరుస పైనుంచి మెట్లు మెట్లుగా దిగుతుంది. ఒక్కో మెట్టు దగ్గర అదే ఆకారం కాస్త కిందకు జరిగి మళ్ళీ వినిపిస్తుంది. చివర్లో మాత్రం కిందనుంచి సరసరా పైకెక్కి పాటను గాయకుడికి అప్పగిస్తుంది. మాటల పల్లవి కంటే జనం నోట నిలిచింది ఈ మాటలు లేని పల్లవే.

రెండుసార్లు కట్టిన పాట

1983లో ఈ పాటను మొదటిసారి పెద్ద ఎత్తున రికార్డు చేయడానికి జార్జ్ అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉన్న మజిల్ షోల్స్ అనే ఊరికి వెళ్ళాడు. చిన్న ఊరే గాని, అమెరికా సంగీత చరిత్రలో దానికి పెద్ద పేరు. అక్కడ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్. రే చార్లెస్, అరెథా ఫ్రాంక్లిన్ వంటి మహాగాయకుల రికార్డులు తయారు చేసినవాడు. 'రిథమ్ అండ్ బ్లూస్' అనే మాటను పత్రికా రచనలో వాడుకలోకి తెచ్చినవాడు. ఆయనకప్పుడు 66 ఏళ్ళు, మనవాడికి 20.

రికార్డింగు అయింది. బాగానే ఉంది. కాని మూడేళ్ళుగా తన మనసులో వినిపిస్తున్న పాట అది కాదని జార్జ్‌కు తెలిసిపోయింది. మన ఊహకు అందుతుంది గదా ఆ పరిస్థితి! అంత పెద్దమనిషి, అంత పేరున్న వాద్యకారులు, ఖర్చయిన డబ్బు. 'బాగుందండీ' అని తలూపి ఊరుకోవడమే సులువు. అతడు ఊరుకోలేదు. లండన్ తిరిగివచ్చి, సార్మ్ వెస్ట్ అనే స్టూడియోలో, తానే నిర్మాతగా పాటను మొదటినుంచి మళ్ళీ రికార్డు చేశాడు. లోకం విన్నది ఈ రెండోదే.

రెండోసారి కూడా శాక్సఫోన్ దగ్గర చిక్కొచ్చింది. పలువురు వాద్యకారులు వచ్చి వాయించి వెళ్ళారు. ఎవరి వాయిద్యంలోనూ జార్జ్ అనుకున్న ఊపిరి పలకలేదు. చివరికి స్టీవ్ గ్రెగరీ అనే ఆయన వచ్చాడు. ఆయన తర్వాత చెప్పిన సంగతి ఇది: ఆయనది పాత శాక్సఫోన్. ఈ వరుసలోని అన్నిటికన్నా పై స్వరానికి దాని మీద మీట లేదు. అప్పుడేం చేశారు? టేపు వేగం తగ్గించి పాట శ్రుతిని అర మెట్టు కిందికి దించారు. ఆ శ్రుతిలో ఆయన హాయిగా వాయించాడు. తర్వాత టేపును మామూలు వేగానికి తెచ్చారు. శాక్సఫోన్ తన స్థానానికి ఎక్కి కూర్చుంది.

భౌతికశాస్త్రం చదివేవాణ్ణి గనుక ఇక్కడ కాసేపు ఆగుతాను. ఒక స్థాయిలో 12 అర మెట్లుంటాయి. స్థాయి పూర్తయ్యేసరికి పౌనఃపున్యం రెట్టింపవుతుంది. కాబట్టి ఒక్కో అర మెట్టుకు పౌనఃపున్యం సుమారు 1.06 రెట్లు పెరుగుతుంది. అర మెట్టు దించాలంటే టేపు దాదాపు 6 శాతం నెమ్మదిగా తిరగాలి. సెకనుకు 440 కంపనాల స్వరం అప్పుడు 415 అవుతుంది. అయిదు నిమిషాల పాట సుమారు 5 నిమిషాల 18 సెకండ్లు పడుతుంది. తిరిగి వేగం పెంచినప్పుడు శ్రుతితో పాటు వాయిద్యం గొంతు కూడా కొంచెం సన్నబడుతుంది. ఆ పాటలోని శాక్సఫోన్‌లో మామూలుగా ఉండని ఒక పలుచని జీర మనకు వినిపిస్తుందే, దాని రహస్యం కొంత ఇక్కడుంది. లోపించిన ఒక మీట ఆ పాటకు అలంకారమైంది!

ఎవరి పేరు?

పాట 1984 జూలైలో ఇంగ్లండులో విడుదలైంది. ఆగస్టులో, అప్పటికి 9 వారాలుగా మొదటి స్థానంలో కూర్చున్న 'టూ ట్రైబ్స్' అనే పాటను దించి, 3 వారాలు అక్కడ నిలిచింది. ఒక్క బ్రిటన్‌లోనే పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. అమెరికాలో 1985 ఫిబ్రవరిలో మొదటి స్థానానికి చేరి అక్కడా 3 వారాలుంది. ఆ ఏడాది మొత్తానికి మొదటి పాటగా 'బిల్‌బోర్డ్' పత్రిక లెక్కకట్టింది.

ఇప్పుడు రికార్డు మీది అక్షరాలు చూద్దాం. ఇంగ్లండులో గాయకుడి పేరు జార్జ్ మైకేల్, అంతే. అమెరికాలో అదే పాట మీద వామ్ బృందం పేరు, దాని తర్వాత జార్జ్ మైకేల్ పేరు. వామ్ వాళ్ళ 1984 ఆల్బమ్ 'మేక్ ఇట్ బిగ్'లో చివరి పాట కూడా ఇదే. అంటే ఒకే పాట ఒక చోట ఒంటరిది, మరో చోట జంటది. ఇది వ్యాపారుల లెక్క. అమెరికా మార్కెట్టులో అప్పుడే బృందం పేరు నాటుకుంటోంది మరి.

కాని రెండు దేశాల్లోనూ మారని పంక్తి ఒకటుంది. కర్తల పంక్తి. చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. అందులో రెండు పేర్లున్నాయి: జార్జ్ మైకేల్, ఆండ్రూ రిజ్‌లీ.

ఇక్కడ ఒక భేదం తెలుసుకోవాలి. రికార్డయిన పాటలో రెండు వేర్వేరు సొత్తులుంటాయి. మాటలూ బాణీ కలిసిన కృతి ఒకటి, ఆ కృతిని ఫలానా రోజున ఫలానావాళ్ళు పాడి పట్టిన రికార్డు మరొకటి. మొదటిది కర్తలది. రెండోది సాధారణంగా కంపెనీది. పాట రేడియోలో మోగినా, మరొకరు పాడినా కర్తకు పైకం వస్తుంది. పాడకుండా పక్కన నిలబడినవాడికైనా కర్తల పంక్తిలో పేరుంటే జీవితాంతం వాటా ఉంటుంది. పేరు లేకపోతే ఎంత కష్టపడినా సున్నా. మన దేశంలోనూ 1957 కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించి, సినిమా పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ ఆ పాటను సినిమా హాలు వెలుపల వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో వాటాను గట్టిపరిచారు. ఆ వాటాను వారసులకో, కాపీరైటు సంఘానికో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. ఎంతమంది కవులు, స్వరకర్తలు నష్టపోయాక ఈ సవరణ వచ్చిందో తెలిసినవాళ్ళకు దీని విలువ తెలుస్తుంది.

జార్జ్, ఆండ్రూలకు కూడా ఈ పాఠం తేరగా రాలేదు. 1982లో ఇన్నర్‌విజన్ అనే చిన్న కంపెనీతో తొందరపడి చేసుకున్న ఒప్పందం వాళ్ళకు గుదిబండ అయింది. పాటలు హిట్టయినా చేతికి దక్కింది అత్యల్పం. వివాదం లాయర్ల దాకా వెళ్ళి, 1984లో గాని విముక్తి కలగలేదు. సంతకం చేసేముందు కాగితం చదవమని మన పెద్దలు చెప్పేది ఊరికే కాదు.

ఆ రోజుల్లో పత్రికలవాళ్ళు ఆండ్రూను చాలా ఎగతాళి చేశారు. పాడేది జార్జ్, రాసేది జార్జ్, ఇతగాడెందుకు అన్నారు. చాలా పాటలకు కర్త జార్జ్ ఒక్కడేనన్నది నిజమే. ఇద్దరూ కలిసి కట్టినవి కొన్నే. కాని ఆ కొన్నింట్లో ఒకటి, తన ఒంటరి ప్రయాణానికి మొదటి మెట్టు. దాని మీద స్నేహితుడి పేరు ఉంచడం జార్జ్ చేసిన దానం కాదు. అది న్యాయం. కాకపోతే న్యాయం చేయడం కూడా అందరూ చేసే పని కాదు.

1986 జూన్ 28న లండన్ వెంబ్లీ స్టేడియంలో 72 వేలమంది ముందు వామ్ చివరి కచేరీ జరిగింది. కొట్టుకుని విడిపోలేదు, చెప్పి విడిపోయారు. 1987లో జార్జ్ 'ఫెయిత్' ఆల్బమ్‌తో పూర్తిగా ఒంటరి గాయకుడై, 1989లో దానికి ఆ ఏటి ఆల్బమ్‌గా గ్రామీ బహుమతి అందుకున్నాడు. ఆండ్రూ 1990లో ఒక ఆల్బమ్ తెచ్చాడు, అది ఆడలేదు. తర్వాత సంగీత రంగానికి దూరంగా జరిగాడు. 2016 డిసెంబర్ 25న, 53 ఏళ్ళకే జార్జ్ చనిపోయాడు. 2023లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో జార్జ్ పేరు చేర్చినప్పుడు, అతడి తరఫున వేదిక మీద నిలబడి మాట్లాడినవాడు ఎవరో తెలుసా? 1975లో బడిలో చెయ్యి ఎత్తిన ఆండ్రూయే.

నా సంగతి

ఇక నా స్వంత కారణం. రెండేళ్ళ కిందట మన కాలేజీ సాంస్కృతిక వారోత్సవాల్లో స్వీయరచన లలిత గీతానికి నాకు మొదటి బహుమతి వచ్చింది. మాటలు నావే. పల్లవి బాణీ నాదే. చరణం మాత్రం ఎంతకీ కుదరక నేను విసిగి పడుకుంటే, నా రూమ్మేటు రాత్రి రెండు గంటల దాకా గిటారు పట్టుకుని కూర్చుని దారి చూపించాడు. పొద్దున్నే లేపి వినిపించాడు. మర్నాడు పేరు రాసిచ్చే చీటీలో 'రచన, స్వరకల్పన' అన్నచోట నేను నా ఒక్కడి పేరే రాశాను. మరిచిపోయి కాదు. రాస్తున్నప్పుడు వాడు గుర్తొచ్చాడు. 'చరణమే గదా' అనుకున్నాను.

బహుమతి ప్రకటించినప్పుడు వెనక వరుసలో లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాడు వాడే. ఆ రాత్రి గదికి వచ్చి, "మెస్సు మూసేస్తారు, అన్నం తిన్నావురా?" అని అడిగాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ పాట గురించి చదువుతూ ఆ చిన్న అక్షరాల పంక్తి దగ్గరకు వచ్చినప్పుడు నాకు ముందుకు చదవబుద్ధి కాలేదు. కోట్ల మంది వినే పాట మీద ఒకడు స్నేహితుడి పేరు ఉంచాడు. మూడు వందలమంది విన్న పాట మీద నేను ఉంచలేకపోయాను. మొన్న వాడితో ఈ మాట చెబితే, "పోరా, దానికి ఇంత వ్యాసమా!" అని నవ్వేశాడు. నవ్వాడు గాని, మరచిపోలేదని కళ్ళు చెప్పాయి.

మిత్రులారా! మన చదువులో, మన ప్రాజెక్టుల్లో, నాటకాల్లో, చివరికి ఈ సంచికలో కూడా ఒంటరిగా జరిగే పని బహు తక్కువ. లేబరేటరీ రికార్డు వెనక పక్క బెంచీవాడి రీడింగులుంటాయి, నాటకం వెనక తెర లాగినవాడుంటాడు. ముందు నిలబడి పాడేవాడు ఒక్కడే కావచ్చు, తప్పు లేదు. కర్తల పంక్తి రాసేటప్పుడు మాత్రం కాస్త ఆగి ఆలోచించండి.

నా ఆ లలిత గీతం ఈ సంచికలోనే కవితల విభాగంలో అచ్చవుతోంది. దాని కింద ఈసారి రెండు పేర్లుంటాయి. దయచేసి చిన్న అక్షరాలు కూడా చదవండి.